తప్పుల్లేని రిజిస్టర్: విజయనగరంలో ఒక హోమ్ కేర్ కేసు

పద్నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేశాను. ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్ళకు వెళ్ళి, మంచం పట్టిన పెద్దవాళ్ళకు అందుతున్న సంరక్షణ ఎలా ఉందో చూసి చెప్పడం నా పని. కొన్నిసార్లు కుటుంబం పిలుస్తుంది, కొన్నిసార్లు మనుషుల్ని పంపే సంస్థే పిలుస్తుంది. (వాటిని ఏజెన్సీలు అంటారు గానీ, మన వైపు ఏజెన్సీ అంటే కొండ ప్రాంతం కాబట్టి ఇక్కడ సంస్థ అనే రాస్తాను.) ఈ కేసులో మొదటిసారి వెళ్ళిన రోజు నేను "సంరక్షణ బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. మంచంలో ఉన్న పెద్దావిడ నడుం కింద ఒరుపు పుండు (ఒకే వైపు ఎక్కువసేపు పడుకుంటే పడే పుండు) అప్పటికే మొదలై ఉండాలి. అందుకే దీన్ని రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టగల వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

విజయనగరం ఊళ్ళోనే పాతకాలపు పెంకుటిల్లు. ముందు పొడవైన వసారా. పెద్దావిడకు 74 ఏళ్ళు, ఇంట్లో అందరూ మామ్మగారు అంటారు. ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉంది. నన్ను పిలిచేనాటికి ఎనిమిది నెలల ముందు మెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. "కాదు", "అదే" అన్న రెండు మాటలే వస్తాయి, అవీ ఒకదాని బదులు మరొకటి వస్తుంటాయి. ఔననబోయి కాదంటారు. దీంతో ఆవిడకు ఏమీ అర్థం కావట్లేదని ఇంట్లో వాళ్ళు నెమ్మదిగా నమ్మడం మొదలుపెట్టారు. మనిషి కాస్త భారీగా ఉంటారు.

కూతురు, అల్లుడు అదే ఇంట్లో ఉంటారు. కూతురు టీచరు. బెంగళూరులో ఉండే కొడుకు డబ్బు పంపుతాడు. సంరక్షణకు ఒక సంస్థ నుంచి ఇరవై నాలుగు గంటలూ ఉండే అమ్మాయిని పెట్టుకున్నారు. పార్వతీపురం వైపు పల్లె నుంచి వచ్చింది, ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. పేరు రాయను కాబట్టి కేర్‌టేకర్ అంటాను.

నన్ను పిలిచింది కొడుకు. ఫోన్‌లో అతను అడిగింది ఇదీ: "అమ్మ చిక్కిపోతోందని అక్క అంటోంది. సంస్థ వాళ్ళను అడిగితే రోజూ రిజిస్టర్ ఫోటోలు పంపుతున్నారు, అందులో అంతా పక్కాగా ఉంది. నేను ఎవరి మాట నమ్మాలి మేడం?"

మొదటి సందర్శన, నేను చేసిన పొరపాటు

ఆగస్టు మొదటి వారంలో, ముందే చెప్పి వెళ్ళాను. నా దగ్గర నలభై అంశాల చెక్‌లిస్టు ఉండేది. శిక్షణ సర్టిఫికెట్ ఉంది. తల వైపు పైకి లేచే మంచం, దాని మీద ఎయిర్ బెడ్, బీపీ మెషీన్, గ్లూకోమీటర్ ఉన్నాయి. మందుల డబ్బా సరిగ్గా ఉంది. గది శుభ్రంగా ఉంది, ఫినాయిల్ వాసన వస్తోంది. రిజిస్టర్‌లో రెండు గంటలకోసారి "ఎడమ పక్కకి", "వెల్లకిలా", "కుడి పక్కకి" అని వరసగా రాసి ఉంది, రాత్రి 12, 2, 4 గంటలకు కూడా. నలభైకి ముప్పై ఆరు వచ్చాయి.

మామ్మగారిని పక్కకి తిప్పి వీపు చూడాలనుకున్నాను. "ఇప్పుడే స్నానం చేయించి పడుకోబెట్టాం మేడం, నిద్ర పడుతోంది" అన్నారు. మొహమాటపడ్డాను. తిప్పలేదు. రిజిస్టర్ అంత బాగుంది కదా, వీపు కూడా బాగానే ఉంటుందని అనుకున్నాను.

పందొమ్మిది రోజుల తర్వాత కూతురు ఫోన్ చేసింది. డైపర్‌కి రక్తం అంటింది.

రెండోసారి వెళ్ళాక ముందుగా వీపు చూశాను. తోక ఎముక మీద రూపాయి బిళ్ళంత పుండు, పై పొర ఊడి లోపల ఎర్రగా తడిగా ఉంది. అంటే రెండో దశ. ఇక్కడొక మాట చెప్పాలి. ఒరుపు పుండు రాబోతోందని తెలియడానికి ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడమని పుస్తకాల్లో రాస్తారు. నొక్కినప్పుడు తెల్లబడకపోతే ప్రమాదం. మన చామనఛాయ, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు తేలిగ్గా కనిపించదు. చుట్టుపక్కల చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని అరచేత్తో చూడాలి. కుడి మడమ దగ్గర అలా చూస్తే అక్కడా వేడి తగిలింది, ముదురు ఊదా మచ్చ ఉంది. బ్రేడెన్ స్కేల్ మీద 12 వచ్చింది. ఆ స్కేల్ 6 నుంచి 23 దాకా ఉంటుంది, 18 నుంచి కిందికి ఎంత తగ్గితే పుండు వచ్చే ప్రమాదం అంత పెరుగుతుంది. మంచం మీద మనిషిని తూచలేం కాబట్టి ఎడమ దండ (మోచేతికి పైభాగం) చుట్టుకొలత తీసుకున్నాను, 23 సెంటీమీటర్లు.

ఆ రాత్రి ఇంటికొచ్చి నా చెక్‌లిస్టు మళ్ళీ చదివాను. వైద్యసేవల నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలని 1966లో అవెడిస్ డొనబీడియన్ రాశారు: ఏమేం ఉన్నాయి, ఏమేం చేస్తున్నారు, చివరికి మనిషికి ఏమైంది. నా నలభై అంశాల్లో ఇరవై రెండు మొదటిదానివి, పదహారు రెండోదానివి. అవి కూడా రిజిస్టర్ చూసి టిక్కు పెట్టినవే. మూడోదానికి మిగిలినవి రెండు. మామ్మగారి ఒంటిని చూడకుండానే మంచి మార్కులు వేయగలిగే పత్రం నేనే తయారు చేసుకున్నానని అప్పుడు అర్థమైంది.

చేసినవి, పనిచేయనివి

పుండు సంగతి తెలియగానే సంస్థ కఠినంగా ఉండాలనుకుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా జీతంలో కోత అంది. ఆ వారం నుంచి రిజిస్టర్ ఇంకా బాగుంది. పుండు మాత్రం పెరిగింది.

కొడుకు కెమెరా పెట్టించాడు. అతని ఆందోళన నాకు అర్థమైంది, అంత దూరం నుంచి అతను చేయగలిగింది అదే. కానీ కెమెరా వచ్చాక కేర్‌టేకర్ మామ్మగారితో మాట్లాడడం తగ్గించేసింది. తప్పు పడుతుందేమోనని ప్రతి పనీ గబగబా చేసేది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మామ్మగారి తీరు. డైపర్ మార్చేటప్పుడు ఆవిడ ఎడమ చేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కునేవారు. ఆవిడకు ఏమీ తెలియదని అనుకున్న ఇంట్లో, ఆవిడకు కెమెరా ఉందని తెలుసు. పది రోజులకు తీయించేశాను.

తర్వాత మనిషిని మార్చారు. ఐదు వారాల్లో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మంచివాళ్ళే. కానీ ఏ ముద్ద ఎంత పెట్టాలో, దగ్గు ఎప్పుడు వస్తుందో, ఏ శబ్దానికి అర్థమేమిటో కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి నుంచి నేర్చుకోవాలి. దండ కొలత 22.4కి పడిపోయింది. మొదటి అమ్మాయి పెడితే గిన్నె ఖాళీ అయ్యేదని, వీళ్ళు పెడితే సగం మిగులుతోందని కూతురు చెప్పింది. ఆ ఒక్క మాట ఆధారంగా మొదటి కేర్‌టేకర్‌నే తిరిగి పిలిపించమన్నాను. సంస్థకు నచ్చలేదు. పుండు పడింది ఆ అమ్మాయి హయాంలోనే కదా అన్నారు. వాళ్ళు అన్నదీ నిజమే. కానీ కొత్త మనిషి వస్తే పుండు మానుతుందన్న హామీ లేదు, తిండి తగ్గుతుందన్నది మాత్రం కళ్ళ ముందే కనిపిస్తోంది. తిండి లేకుండా పుండు మానదు. చివరికి ఆ అమ్మాయి తిరిగొచ్చింది.

సిరిమాను మర్నాడు

దసరా దాటాక వచ్చిన మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టిన పొడవైన మాను ఊరేగింపు. మర్నాడు బుధవారం చెప్పకుండా వెళ్ళాను. రిజిస్టర్‌లో మంగళవారం మధ్యాహ్నం 2, 4, సాయంత్రం 6 గంటలకు మామ్మగారిని తిప్పినట్టు రాసి ఉంది. టీ ఇస్తూ కూతురు మామూలుగా అంది: "నిన్న మా ఆయన, నేను, ఈ అమ్మాయి ముగ్గురం సిరిమాను చూడ్డానికి వెళ్ళాం. పక్కింటి పిన్నిగారు అమ్మ దగ్గర కూర్చున్నారు."

గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ మధ్యాహ్నం, ఆ జనంలోంచి ఇంటికొచ్చి మామ్మగారిని తిప్పి మళ్ళీ వెళ్ళడం ఎవరికీ సాధ్యం కాదు.

అక్కడ నేనొక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. సంస్థకు చెబితే ఉద్యోగం పోతుంది, ఇంకొకరు వచ్చి అదే రిజిస్టర్‌ని ఇంకాస్త జాగ్రత్తగా నింపుతారు. కొట్టడమో, తిండి పెట్టకపోవడమో, డబ్బు తీయడమో జరిగిందని ఏ మాత్రం అనుమానం ఉన్నా ఆ రోజే అందరికీ చెప్పేదాన్ని, పెద్దల హెల్ప్‌లైన్ 14567కీ ఫోన్ చేసేదాన్ని. ఇక్కడ నాకు కనిపించింది అది కాదు. పైగా ఆ రోజు మామ్మగారిని వదిలి వెళ్ళింది ఆ అమ్మాయి ఒక్కతే కాదు, ఇంట్లో వాళ్ళూ వెళ్ళారు. రాయాల్సిన భారం మాత్రం ఆ అమ్మాయి ఒక్కదాని మీదే పడింది.

పెరట్లో నూతి దగ్గర కూర్చుని అడిగాను. ముందే చెప్పాను: నువ్వేం చెప్పినా ముందు నీతో మాట్లాడతాను, తర్వాత నీ ఎదురుగానే ఇంట్లో వాళ్ళతో మాట్లాడతాను, నీ వెనకాల ఎవరితోనూ అనను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత అంది: "రేత్రి రెండుకి లెగలేకపోతన్నాను మేడం. లెగిసినా ఒక్కదాన్నే మామ్మగోర్ని తిప్పలేను. రాయకపోతే జీతం కోసేస్తారు. ఏటి సెయ్యమంటారు?"

ఆ అమ్మాయి మొదటి దఫాలో నలభై ఒక్క రోజులు ఒక్క సెలవు లేకుండా పనిచేసింది. మంచం పక్కన చాప మీద పడుకుని, మామ్మగారు మూలిగినప్పుడల్లా లేస్తూ. రాత్రి గడులన్నీ పొద్దున్న ఒకేసారి నింపేది. సంస్థ కరపత్రంలో "24 గంటల సేవ" అని ఉంటుంది. ఇరవై నాలుగు గంటల సేవ చేసే మనిషి ఎప్పుడు నిద్రపోవాలో అందులో ఎక్కడా ఉండదు.

గదిలో కూర్చుని చూసినప్పుడు

ఆ వారం రెండు గంటలు గది మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంగ్లండ్‌లో కేర్ హోములను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ వాళ్ళు, తమ అనుభవం నోటితో చెప్పలేని మనుషుల దగ్గర ఇలా కూర్చుని, కొద్ది నిమిషాలకోసారి మనిషి ఎలా ఉన్నారో, ఎవరు ఎలా పలకరించారో రాసుకుంటారు. నేను ఐదు నిమిషాలకో గీత పెట్టుకున్నాను. ఇరవై నాలుగు గీతల్లో పదిహేడు చోట్ల మామ్మగారిని ఎవరూ ముట్టుకోలేదు, పలకరించలేదు. టీవీ నడుస్తోంది, ఆవిడ మొహం గోడ వైపు ఉంది.

అలా కూర్చున్నాకే మంచం సంగతి గమనించాను. మంచం ఎడమ అంచు గోడకి ఆనుకుని ఉంది. మామ్మగారికి పనిచేసే చెయ్యి ఎడమదే. ఆ చెయ్యి నెలల తరబడి గోడకి బందీ. అందరూ పడిపోయిన కుడి వైపు నుంచే వస్తారు, అటు నుంచే ముద్ద పెడతారు. కుడి బుగ్గలో స్పర్శ లేదు కాబట్టి చోడి (రాగి) అంబలి అక్కడే నిలిచిపోతోంది, తర్వాత గొంతులోకి జారి దగ్గు వస్తోంది. భోజనం ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. మూడుసార్లు పొలమారింది. తర్వాత వేలికి గుడ్డ చుట్టి బుగ్గ లోపల చూస్తే ఇంకా రెండు చెంచాల ముద్ద ఉంది.

మంచం ఎటు వేయాలన్న ప్రశ్న నా నలభై అంశాల్లో లేదు.

మామ్మగారిని అడగడం

అప్పటి దాకా అందరినీ అడిగాను, ఆవిడను తప్ప. ముందు ఆవిడ ఔను, కాదు ఎంతవరకు నమ్మొచ్చో చూడాలి. నోటి మాట వదిలేసి, ఎడమ చేత్తో ఔనంటే నా చెయ్యి నొక్కమని, కాదంటే వదిలేయమని చెప్పాను. "మనం విజయనగరంలో ఉన్నామా?" "మనం తిరుపతిలో ఉన్నామా?" అంటూ జవాబు నాకు తెలిసినవే పది ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగాను. తొమ్మిది సరిగ్గా చెప్పారు. కూతురు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఏడ్చేసింది.

తర్వాత ఫోన్‌లో తీసిన ఫోటోలు చూపించాను: టీవీ, పూజగది, వంటిల్లు, వసారా, మంచం. ఆవిడ మంచం ఫోటోని పక్కకి తోసేశారు. వసారా ఫోటో మీద వేలు పెట్టి తియ్యలేదు.

పనిచేసినవి

మొదట మంచం తిప్పాం. ఐదు నిమిషాల పని. ఎడమ వైపు ఖాళీ వచ్చింది, ముద్ద ఆ వైపు నుంచి పెట్టడం మొదలైంది, మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతికి అందే చోట పెట్టాం. భోజనానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. దగ్గు బాగా తగ్గింది.

ఎయిర్ బెడ్ మోటారు గరిష్ఠం మీద ఉంది, బల్లలా గట్టిగా. "ఎక్కువ పెడితే మంచిదనుకున్నాం" అన్నారు. బరువుకి తగ్గట్టు తగ్గించి, తోక ఎముక కింద పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. మనిషి బరువుకి పరుపు పూర్తిగా అణిగిపోకుండా, చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి మందం ఉండాలి. ఎర్రబడ్డ చోట కొబ్బరినూనె పెట్టి మర్దనా చేసేది ఆ అమ్మాయి, ప్రేమతోనే. అది మాన్పించాను, ఎముక మీద అప్పటికే దెబ్బతిన్న కణజాలం రుద్దితే ఇంకా చితికిపోతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చేశాం. డ్రెస్సింగ్ డాక్టరు చెప్పినట్టే సాగింది.

రాత్రి తిప్పడం గురించి చాలా ఆలోచించాను. రెండు గంటల నియమం మీద పట్టుబడితే మళ్ళీ అబద్ధపు గడులే వస్తాయి. నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ళ మీద చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మంచి ఫోమ్ పరుపు ఉన్నప్పుడు రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పడంలో పుండ్ల విషయంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అది పుండు లేనివాళ్ళ మీద చేసినది. మామ్మగారికి పుండు ఉంది, కాబట్టి నాలుగు గంటల దాకా వెళ్ళే ధైర్యం చేయలేదు. రాత్రి మూడు గంటలకోసారి, పూర్తిగా కాకుండా ముప్పై డిగ్రీలు వాలుగా, కింద మడత దుప్పటి వేసి దాన్ని లాగి తిప్పడం అని నిర్ణయించాం. అలా అయితే ఒక్క మనిషి చేయగలదు.

అసలు మార్పు రాత్రికి రెండో మనిషి రావడం. వారంలో ఐదు రాత్రులు ఇంకొకరు, మిగతా రెండు రాత్రులు కూతురు, అల్లుడు వంతులేసుకోవడం. పగటి అమ్మాయికి వారానికో సెలవు. ఖర్చు దాదాపు మూడో వంతు పెరిగింది, కొడుకు భరించాడు. అందరూ భరించలేరని నాకు తెలుసు. మంచానికే పరిమితమైన పక్షవాత రోగికి ప్రభుత్వం ఇచ్చే నెలకు 15,000 రూపాయల పింఛనే ఆధారంగా ఉన్న ఒక ఇంట్లో, ఉద్దానం వైపు, రాత్రులను చుట్టాల మధ్య పంచాల్సి వచ్చింది. అక్కడా సూత్రం ఒకటే: నిద్రపోయే మనిషి ఎవరు, మేలుకునే మనిషి ఎవరు అన్నది పేర్లతో తేల్చాలి.

రిజిస్టర్ మార్చాను. గంటల గడులు తీసేసి రోజుకో పేజీ: చర్మం ఎలా ఉంది, ఎన్ని గ్లాసులు, ఎంత అన్నం, వసారాలో ఎంతసేపు. చివర పెద్ద గడి, "ఈ రోజు చేయలేకపోయినవి, ఎందుకు". సంస్థ యజమాని భయపడ్డాడు. "ఇలా రాయిస్తే రేపు మా మీదే కేసు పెడతారు మేడం" అన్నాడు. అతని భయం ఒట్టిది కాదు. చివరికి ఆ గడిలో రాసిన దాన్ని బట్టి ఎవరి జీతమూ కోయకూడదని, ఎవరి మీదా ఫిర్యాదు చేయబోమని కొడుకూ సంస్థా రెండు పేరాల కాగితం రాసుకున్నారు. దానికే రెండు వారాలు పట్టింది. ఆ కాగితం లేకుండా ఆ గడి ఎప్పటికీ ఖాళీగానే ఉండేది.

వసారాలో కూర్చోబెట్టడం గురించి నాకూ సందేహం ఉంది, ఎందుకంటే కూర్చుంటే బరువు పుండు మీదే పడుతుంది. రోజుకి మూడు సార్లు మించకుండా, ప్రతిసారీ గంటలోపు అన్న హద్దు పెట్టుకుని, మెత్తటి కుషన్ వేసి సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టాం. దారిన పోయేవాళ్ళు పలకరించేవారు. రెండో వారం నుంచి ఆవిడ తినడం పెరిగింది. ఏది దేనివల్లో నేను విడదీసి చెప్పలేను.

పుండు తొమ్మిది వారాలకు మూసుకుంది. దండ కొలత 24కి వచ్చింది.

మిగిలిపోయినవి

కుడి చెయ్యి వేళ్ళు ముడుచుకుపోయి గట్టిపడ్డాయి. పుండు మీదే దృష్టి పెట్టి, ఫిజియోథెరపీ సంగతి నేను ఆలస్యంగా పట్టించుకున్నాను. ఆ వేళ్ళు ఇప్పుడు పూర్తిగా తెరుచుకోవు. సంక్రాంతి తర్వాత రాత్రి మనిషి మానేసింది, కొత్తావిడ వచ్చాక పది రోజులు "చేయలేకపోయినవి" గడిలో వరసగా "ఏమీ లేవు" అని ఉంది. వరసగా వారం రోజులు అలా వస్తే నేను వెళ్ళి చూడాలన్నది మేం పెట్టుకున్న నియమం. నాకు ఆ ఫోటోలు పంపడం మర్చిపోయారు, నేనూ అడగలేదు. వెళ్ళేసరికి మడమ మళ్ళీ వేడిగా ఉంది. కాగితం మొదటి నుంచి చదివి వినిపించి, ఇంకోసారి మొదలుపెట్టాం.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు వీపూ మడమలూ చూస్తాను, మొహమాటం ఉన్నా సరే. ఒక పూట భోజనం అయ్యే దాకా కూర్చుంటాను. కేర్‌టేకర్ నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో అడుగుతాను. రిజిస్టర్ చివరికి తెరుస్తాను. ఒక్క తప్పు కూడా లేకపోతే ఇంకో గంట ఉంటాను.

మార్చిలో ఆఖరిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ముందురోజు పేజీ చివరి గడిలో, ఆ అమ్మాయి చేతిరాతతో ఇలా ఉంది: "మామ్మగారు వసారాలోంచి లోపలికి రానన్నారు. రెండుసార్లు అడిగాను, కుర్చీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడు దాకా అక్కడే ఉన్నాం. ఆరింటికి మంచం మీదికి చేర్చలేదు." వీపు చూశాను. చర్మం మూసుకునే ఉంది, వేడి లేదు.